ఇంగ్లీషుకు తెలుగు అడ్డు కాదు

‘ఇంట్లో తెలుగు మానేస్తే పిల్లలకు ఇంగ్లీషు త్వరగా వస్తుంది’ అని కొందరు పెద్దలు అంటుంటారు. బదిలీలతో ఊళ్లు మారే మీకు ఈ సలహా ఎక్కువగానే వినిపిస్తుంది. నేను దీన్ని ఒప్పుకోను.

తెలుగులో ‘నువ్వు వస్తావు కదా’, ‘వాళ్లు వెళ్లారు కదా’ అంటాం. అన్నిటికీ ‘కదా’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో అది వాక్యాన్ని బట్టి ‘వోంట్ యూ’, ‘డిడింట్ దే’ అని మారుతుంది. అందుకే మనలో చాలామంది ప్రతిచోటా ‘ఇజింట్ ఇట్’ తగిలిస్తారు. ‘బల్ల మీద’ అన్నప్పుడు ‘మీద’ చివర వస్తుంది. ‘ఆన్ ద టేబుల్’లో ‘ఆన్’ ముందు వస్తుంది. ‘ద’ లాంటి మాట తెలుగులో లేదు కాబట్టే దాన్ని తరచు మరిచిపోతాం.

అంటే తప్పు ఎక్కడ దొర్లుతుందో తెలుగే ముందుగా చెబుతుంది. రోజూ ఐదు వాక్యాలు తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లీషులో రాయండి. తేడా ఉన్నచోట గీత గీయండి. కొత్త పదాలనూ అలాగే జతచేయండి. ‘బ్యాండికూట్’ అన్న ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే!

తెలుగు మానేసినంత మాత్రాన ఇంగ్లీషు వ్యాకరణం రాదు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మతో మాట్లాడటానికి మాత్రం మాటలు కరువవుతాయి.