వెదురు గుడారాలకు బిగింపు సామగ్రి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు బహిరంగ లేఖ



తుపాను తర్వాత వెదురు, సరుగుడు వాసాలతో వేసే తాత్కాలిక గుడారం బలమంతా కీళ్లలోనే ఉంటుంది. వెదురుకు నేరుగా మేకు కొడితే నిలువునా చీలుతుంది. కణుపు దగ్గర రంధ్రం చేసి బోల్టు, వాషరు బిగించాలి, లేదా బైండింగ్ వైరుతో కట్టాలి. ఏటవాలు ఊతకర్రలు లేని చట్రం పక్కకు ఒరుగుతుంది. గాలి కప్పును పైకి లాగుతుంది కనుక నేలలో దిగ్గొట్టిన గూటాలకు తాళ్లు బిగించడం తప్పనిసరి.

ఇలాంటి అవసరాల కోసం అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య ఇచ్చే షెల్టర్ కిట్‌లో 4×6 మీటర్ల టార్పాలిన్లు రెండు, తాడు, రంపం, సుత్తి, మేకులు, వైరు, పార ఉంటాయి. టార్పాలిన్ ఒక్కటే ఇస్తే నీడ నిలవదు. తీర మండలాల గోదాముల్లో ఈ సామగ్రిని తుపానుల కాలానికి ముందే నిల్వ చేయాలి. గ్రామ యువతకు గుడారం కట్టే పద్ధతి నేర్పించాలి.