ఆప్తుడే ఆలంబనమైన భయానకం

భయం లోకంలో ఎవ్వరూ కోరని భావం. అయినా భయం కలిగించే కథను సహృదయుడు కోరి చదువుతాడు. ఒకసారి చదివినదానిని మళ్లీ చదువుతాడు. శోకం కరుణరసంగా పరిణమించి ఆస్వాద్యమయ్యే తీరును గురించి అలంకారశాస్త్రంలో జరిగినంత చర్చ భయాన్ని గురించి జరగలేదు. బోధనలోనూ భయానకానికి సాధారణంగా దక్కేది ఒక లక్షణం, ఒక ఉదాహరణం మాత్రమే. ఈ లోటును పూరించడానికి పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో వెలసిన రక్తపిశాచ కథానికలు మంచి లక్ష్యసామగ్రి కాగలవు. జాన్ పోలిడోరి రచించిన ‘ది వాంపైర్’ 1819లో వెలువడింది. రెండు వందల ఏండ్లు గడిచినా ఈ జాతి కథలకు పాఠకులు తగ్గలేదు. పిశాచాల ఉనికిని నమ్మనివారు సైతం వీటిని చదివి భయపడుతున్నారు. దీనికి కారణమేమిటన్నది విచారణీయం.

రక్తం, శవం, శ్మశానం మొదలైన జుగుప్సాకర వస్తువులే ఈ ఆకర్షణకు మూలమని కొందరు భావించవచ్చు. బీభత్సం నుండి భయానకం జనిస్తుందని నాట్యశాస్త్రం చెప్పినందువల్ల ఈ అభిప్రాయానికి శాస్త్రబలం ఉన్నట్లు కూడా తోస్తుంది. కాని లక్ష్యాలను పరిశీలిస్తే ఇది నిలవదు. డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రకటించిన ‘ది మంకీస్ పా’ రక్తపిశాచ కథ కాకపోయినా ఈ సందర్భంలో స్మరణీయం. మరణించిన కుమారుడు తిరిగి రావాలని తల్లి కోరిస్తుంది. రాత్రివేళ తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తీయడానికి పరుగెత్తుతుంది. తండ్రి చివరి కోరికతో ఆ వచ్చినదానిని వెనుకకు పంపివేస్తాడు. వచ్చినదెవరో, ఏ రూపంలో వచ్చినదో పాఠకునికి కనబడదు. ఇక్కడ బీభత్సం లేశమాత్రమూ వాచ్యం కాలేదు. అయినా భయం సంపూర్ణంగా నిష్పన్నమైంది. కన్నకొడుకే భయానికి ఆలంబనం కావడం ఇందుకు హేతువు.

రక్తపిశాచ కథలలో ఉత్తమమైనవాటి రహస్యమూ ఇదే. అలెక్సీ కాన్‌స్టాంటినోవిచ్ టాల్‌స్టాయ్ 1839లో ఫ్రెంచి భాషలో రచించిన ‘వుర్దలాకు కుటుంబం’ దీనికి ప్రబలమైన నిదర్శనం. ఈయన ‘యుద్ధము – శాంతి’ కర్తకు బంధువు. ఈ కథ రచయిత మరణానంతరం 1884లో రష్యన్ అనువాదంగా వెలుగు చూసింది. సెర్బియా దేశపు పల్లెలో గోర్చా అనే వృద్ధుడు ఒక బందిపోటును వేటాడడానికి వెళుతూ, పది దినాలు దాటిన తరువాత తాను వస్తే ఇంటిలోనికి రానీయవద్దని కుమారులను ఆజ్ఞాపిస్తాడు. సరిగ్గా గడువు ముగిసే వేళకు వస్తాడు. గడువు దాటినదా, దాటలేదా? తండ్రిని ఆదరించాలా, ఆయన ఆజ్ఞనే పాటించి ఆయనను తరిమివేయాలా? పితృభక్తికి రెండు మార్గాలూ సమ్మతమే. రెండు మార్గాలూ దోషభూయిష్ఠమే. తరువాత మరణించిన పసివాడు రాత్రి తలుపు వద్ద నిలిచి చలి వేస్తున్నదని ఏడుస్తాడు. వానిని పూడ్చినప్పుడు దగ్గరే ఉన్న తల్లి, ఆ సంగతి ఎరిగి కూడా తలుపు తీస్తుంది. ఆమె అజ్ఞానం వల్ల కాక వాత్సల్యం వల్ల నశించింది.

ఇది కేవల కవికల్పన కాదు. ఈ విశ్వాసానికి మూలమైన చారిత్రక వృత్తాంతాలు కూడా ఇదే విషయాన్ని సూచిస్తున్నాయి. 1725లోను, 1732లోను ఆస్ట్రియా అధికారులు సెర్బియా పల్లెల నుండి ఇట్టి ఘటనలపై నివేదికలు పంపారు. సమాధులను త్రవ్వి శవాలను దండించే ఆచారాన్ని అరికట్టడానికి 1755లో మరియా థెరిసా రాణి శాసనాలు చేయవలసివచ్చింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1892లో క్షయరోగంతో మరణించిన మెర్సీ బ్రౌన్ అనే యువతి శవాన్ని వెలికితీసి, గుండెను దహించి, ఆ బూడిదను రోగి అయిన ఆమె సోదరునిచేత త్రాగించారు. అతడు కొద్దికాలానికే మరణించాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే ప్రకటించినా, ఒకే ఇంటిలో ఒకరి తరువాత ఒకరు క్షీణించడాన్ని చూచిన పల్లెవాసులకు, ముందు పోయినవారే తక్కినవారిని తీసుకొనిపోతున్నారని తోచింది. సహజీవనమే సంక్రమణానికి మార్గం కావడం వల్ల ప్రేమపాత్రమే భయస్థానమైంది.

శాస్త్రదృష్టితో చూస్తే ఇక్కడ ఒక సమస్య ఎదురవుతుంది. శృంగారానికి విరోధులైన రసాలలో భయానకాన్ని కూడా విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పరిగణించాడు. షెరిడన్ లె ఫాన్యు రచించిన ‘కార్మిల్లా’ 1871–72లలో వెలువడింది. అందులో నాయిక లారాకు తన అతిథిపై అనురాగమూ భయమూ ఏకకాలంలో కలుగుతాయి. ఆశ్రయం ఒక్కటే, ఆలంబనమూ ఒక్కటే. ఇది రసభంగం కావలసినది, కాని కాలేదు. విరోధిరసం అంగభూతమైనప్పుడు దోషం లేదని ఆనందవర్ధనుడు చెప్పిన పరిహారం ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది. అనురాగం అంగమై, అంగి అయిన భయాన్ని పోషిస్తున్నది. కథానిక యొక్క సంక్షిప్తత ఇందుకు తోడ్పడుతుంది. బ్రామ్ స్టోకర్ 1897లో రచించిన ‘డ్రాకులా’ నవలలో వేట ఆరంభమైనది మొదలు వీరం ప్రబలి భయానకం వెనుకబడుతుంది. కథానికకు అంతటి అవకాశం లేదు. సందేహం పండిన చోటనే అది ముగుస్తుంది.

ఈ సందర్భంలో ఒక పొరపాటును సవరించుకోవడం అవసరం. రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళకథలు పదకొండింటిని స్వేచ్ఛగా ఆంగ్లీకరిస్తూ బేతాళుని ‘వాంపైర్’ అని వ్యవహరించాడు. ఈ సమీకరణం సాధువు కాదు. కథాసరిత్సాగరంలోని బేతాళుడు పరుని శవాన్ని ఆవేశించినవాడు. రాజుకు బంధువు కాడు. రాజు రక్తాన్ని కోరడు. అతడు ప్రశ్నిస్తాడు. తెలిసి చెప్పకుంటే తల పగులుతుందని హెచ్చరిస్తాడు. అక్కడి భయం ధర్మనిర్ణయానికి సంబంధించినది. మాలతీమాధవం పంచమాంకంలోని శ్మశానఘట్టంలో సైతం పిశాచాలు మాధవునికి అపరిచితాలే. మాలతి ప్రాణాపాయంలో ఉన్నదే కాని భయానికి ఆలంబనం కాలేదు. భేదం ఇక్కడనే ఉంది.

ఈ భేదాన్ని ఎత్తిచూపడం మన సాహిత్యాన్ని తక్కువ చేయడం కాదు. వికృతధ్వని, భూతదర్శనం, శూన్యగృహప్రవేశం వంటి విభావాలను భరతుడు చెప్పాడు. ఆ శూన్యగృహంలో ఎదురైనది తన తండ్రే అయితే ఆ రసం ఏ రూపం పొందుతుందన్న ప్రశ్నకు ఈ కథానికలు సమాధానం చెబుతున్నాయి. భయానక ప్రకరణం బోధించే అధ్యాపకులు మాలతీమాధవం ప్రక్కన టాల్‌స్టాయ్ కథను ఉంచి చూపితే, విద్యార్థికి లక్షణం కంఠస్థం కావడంతోపాటు హృదయస్థం కూడా కాగలదు. రసవిరోధ చర్చకు ఇంతకంటె అనువైన ఉదాహరణం అరుదు. పరిశోధకులు ఈ దిశగా దృష్టి సారించడం ఎంతైనా అవసరం.