కంచెలు లేని పొలములు

నవంబరు నెలాఖరున, గోధుమ మొలకలు పచ్చగా తలలెత్తు వేళకు, ఇంగ్లండు దేశమున నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ అను చిన్నపల్లెలో జ్యూరీ సభ్యులైన రైతులు ఆ యేటి గోధుమపొలము నంతయు కాలినడకన పరిశీలింతురు. ఎవ్వడైనను దున్నుచు దున్నుచు బాటలోనికో, ఉమ్మడి గడ్డిభూమిలోనికో నాగటిచాలు జరిపియుండినచో, హద్దు కొయ్యను దాని చోట పాతి, ఆ తప్పును వ్రాసికొందురు. వారము గడచిన పిమ్మట ఊరి సత్రమున లీట్ కోర్టు అను గ్రామ న్యాయసభ కూడును. తప్పు చేసినవానికి జరిమానా విధించి, రాబోవు సంవత్సరపు జ్యూరీచే ప్రమాణము చేయింతురు. ఈ యేడు తీర్పు చెప్పినవాడే మరుయేడు తీర్పునకు లోబడవలసివచ్చును. లాక్స్‌టన్ నేటివరకు లాక్స్‌టన్‌గా నిలిచియుండుటకు మూలకారణము ఈ యేటేటి నడకయే యని నా దృఢవిశ్వాసము.

అచ్చటి సేద్యవిధానము మధ్యయుగము నాటిది. పడమటి పొలము, దక్షిణపు పొలము, మిల్లు పొలము అను మూడు విశాలక్షేత్రములలో ఒక్కొక్క రైతు భూమి ఒక్కచోట కుదురుగా గాక పొడవైన పట్టీలుగా చెదరియుండును; పట్టీల నడుమ కంచెలు లేవు. ఒక పొలమున శీతకాలపు గోధుమ, వేరొకదాన వసంతకాలపు పైరు వేసి, మూడవదానిని బీడు విడిచి, ఏటేట ఆ వంతును మార్చుచుందురు. సారవంతమైన నేలయు, నిస్సారమైన నేలయు అందరికిని కొంత కొంత దక్కవలెనను న్యాయబుద్ధి ఈ చెదరుపాటునందే ఇమిడియున్నది. కోతలైన పొలములోనికి ఊరి పశువులన్నియు మేతకు దిగు కాలమున, ఒక్కడు ఆలస్యముగా కోసినను ఊరంతయు కాచుకొనవలసి యుండెను గావున, ఎప్పుడు విత్తవలెను, ఎప్పుడు పశువులను విడువవలెను అను నిర్ణయములు ఏ యొక్కనివియు కాక ఊరివైనవి. దున్నుటకు వీలుకాని పల్లపు చోట్ల మిగిలిన గడ్డిభూములలో, రసాయనముల స్పర్శ యెరుగని అడవిపూలు నేటికిని వికసించుచున్నవి.

1086 నాటి డూమ్స్‌డే గ్రంథమున ఈ గ్రామము పేరు కలదు. ఊరికి ఉత్తరమున పురాతన దుర్గపు మట్టిదిబ్బలు కలవు. కాని నన్ను మిక్కిలిగా ఆకర్షించునది 1635లో మార్క్ పియర్స్ అను సర్వేదారుడు రచించిన పటము. సర్ విలియం కోర్టెన్ అను వర్తకుడు ఈ ఎస్టేటును కొని, తనకు దక్కినదేమో తెలిసికొనగోరి దానిని వ్రాయించెను. ఒక్కొక్క పట్టీ, ఒక్కొక్క ఇల్లు అందు గుర్తింపబడినవి. దున్నువారును, కోయువారును బొమ్మలుగా చిత్రింపబడిరి. ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్న ఆ పటమును చేతబట్టి నేటి పొలములలో నడచినవానికి, ఆనాటి బాటలనేకము ఈనాటికిని గుర్తుపట్ట వీలగును.

ఇట్టి గ్రామములు ఇంగ్లండు నడిమిభాగమున ఒకనాడు కొల్లలుగా నుండెను. 1604 మొదలు 1914 వరకు పార్లమెంటు ఆమోదించిన 5,200కు పైబడిన ఎన్‌క్లోజరు బిల్లులు, అనగా ఉమ్మడి భూములకు కంచెలు వేయించు చట్టములు, 68 లక్షల ఎకరములకు, అనగా దేశపు నేలలో ఐదవవంతునకు పైగా, సంబంధించినవి. కంచె వేసినవానికి దిగుబడి పెరిగినమాట వాస్తవమే. కాని ఉమ్మడి భూమిలో ఒక్క ఆవును మేపుకొని, పుల్లలేరుకొని బ్రదికిన కూలివాడు, అవి పోయినంతనే కేవలము దినకూలిగా మిగిలెను. లాక్స్‌టన్‌లోను కొంతభూమి కంచెల పాలైనదిగాని, మూడు పొలములు మాత్రము తప్పించుకొన్నవి.

ఉమ్మడిగా ననుభవించునది యెల్ల వినాశము చెందక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాదించెను. ఆ వాదమును లోకము శాసనమువలె శిరసావహించెను. అతడు ఊహించిన పచ్చికబయలున కాపరులున్నారు గాని, వారు కూడి మాటలాడుకొను కోర్టు లేదు. ఇట్టి కట్టుబాట్లను దేశదేశముల పరిశీలించి, జనులు తామే నియమములేర్పరచుకొని, తామే కాపలా కాచినచో ఉమ్మడి వనరులు శతాబ్దములపాటు నిలుచునని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌నకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. చెరువునీటిని వంతులవారీగా పారించిన నీరుగంటిని ఎరిగిన మనవారికి ఇది సులభగ్రాహ్యమే.

యజమానులు మారుచునే యున్నారు. 1952లో మాన్వర్సు ప్రభువు ఎస్టేటును వ్యవసాయ మంత్రిత్వశాఖకు విక్రయించెను. 1981లో అది క్రౌన్ ఎస్టేటునకు, 2020లో థోర్స్‌బీ ఎస్టేటునకు చేరెను. 1977లో పార్లమెంటు ఇట్టి ప్రాచీన న్యాయస్థానముల అధికారములను తొలగించుచు లాక్స్‌టన్ కోర్టును విడిచిపెట్టుట శ్లాఘనీయము. అయినను అధికారమున్నంతమాత్రమున కోర్టు నడువదు. జ్యూరీలో నిలుచుటకు రైతులుండవలెను. పొలములను ప్రదర్శనశాలగా కాపాడుదమను తలంపు నాకు రుచింపదు. యజమాని యెవ్వడైనను అతడు మొట్టమొదట చేయవలసినది, అచ్చట సేద్యము చేయగోరు యువకునకు భరింపదగిన కౌలునకు భూమి నిచ్చుట.