వాన పడితే మారే ఫారం

అనంతపురంలో రిటర్న్ వేయించుకోవడానికి వచ్చిన ఫ్రీలాన్సర్‌ను ఆడిటర్ ముందుగా అడగాల్సింది ఆదాయం ఎంతని కాదు, ఈ ఏడు శెనక్కాయ పండిందా అని. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఏ ఫారం వేయాలో తేల్చేది ఆ జవాబే.

లెక్క చూద్దాం. కళ్యాణదుర్గం దగ్గరి సొంతూళ్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి డ్రాయింగులు వేసే ఇంజనీరు ఒకడున్నాడనుకుందాం. అతనికొచ్చేది జీతం కాదు, ఫీజు. 2025-26లో 8 లక్షలు బిల్లు చేస్తే, వృత్తి సేవల పద్దు కింద 10 శాతం చొప్పున 80 వేలు టీడీఎస్ పట్టుకున్నారు. 44ఏడీఏ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు లేకుండానే వసూళ్లలో సగాన్ని, అంటే 4 లక్షలను, లాభంగా చూపొచ్చు. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఆ 80 వేలూ అతనివే. కానీ రిటర్న్ వేస్తేనే తిరిగొస్తాయి. పైగా టీడీఎస్ ఏడాదికి 25 వేలకు చేరినా, వృత్తి వసూళ్లు 10 లక్షలు దాటినా, పన్ను సున్నా అయినా సరే రిటర్న్ తప్పనిసరి. ‘మనకు ట్యాక్సే పడదు గదా’ అని ఊరుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇలాంటివారి కోసమే ఐటీఆర్-4 ఉంది. దాని పేరే సుగమ్. అయితే ఓ మెలిక ఉంది. వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటితే సుగమ్ పనికిరాదు. షెడ్యూళ్ల మీద షెడ్యూళ్లున్న ఐటీఆర్-3 వేయాలి.

మన ఇంజనీరు పేరు మీద నాలుగెకరాల చేనుందనుకోండి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే వర్షఛాయ సీమ ఇది. ఊడలు దిగే వేళకు చినుకు మొహం చాటేస్తే పెట్టుబడి కూడా రాదు. ఆ ఏడు సుగమ్. అదనుకు రెండు వానలు పడి, ఖర్చులు పోను ఎకరాకు రెండు వేలు మిగిలిందా, ఐటీఆర్-3. పన్ను మాత్రం రెండేళ్లూ సున్నాయే. సేద్యపు రాబడికి ఎలాగూ పన్ను లేదు. ఇతర ఆదాయం కనీస మినహాయింపు దాటినప్పుడే దాన్ని రేటు లెక్కలో కలుపుతారు. ఖజానాకు పైసా తేడా లేనిచోట ఫారం మార్చడం దేనికి?

సేద్యం ముసుగులో నల్లధనం దాచేవాళ్లున్నారన్నది కొట్టిపారేయలేని మాటే. వ్యవసాయ ఆదాయం పేరిట పొందే మినహాయింపుల పరిశీలనలో లోపాలను కాగ్ కూడా ఎత్తిచూపింది. అయితే ఆ దొంగలు లక్షల్లో, కోట్లలో చూపేవాళ్లు. ఐదు వేల గీత వాళ్లను పట్టదు. పట్టేదల్లా నిజం రాసే చిన్న రైతునే. అతని ముందు మిగిలే దారులు మూడు: పండిన పంటను కాగితం మీద ఎండబెట్టడం, ఫారం నింపించుకోవడానికి ఎక్కువ ఫీజు కట్టడం, రిటర్నే వేయకుండా రిఫండ్‌కు నీళ్లొదులుకోవడం. మొదటిది చట్టరీత్యా తప్పు, రెండోది నష్టం, మూడోది తప్పూ నష్టమూ.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టాన్ని తేలిక చేయడమే లక్ష్యమన్నారు. సెక్షన్ల అంకెలు మారితే సరిపోదు. సేద్యపు రాబడి రెండు మూడు లక్షల లోపున్న వాళ్లకు సుగమ్‌లోనే ఒక గడి ఇవ్వాలి. అంతకు మించితేనే పెద్ద ఫారం అడగాలి. ఫ్రీలాన్సర్లు కూడా పన్ను శాఖ రికార్డుల్లో తమ టీడీఎస్ పడిందో లేదో ఏడాది మధ్యలోనే చూసుకోవాలి.

ఈ జిల్లాలో మంచి పంటంటే కొన్నేళ్లకోసారి దక్కే సంతోషం. దానికి పెద్ద ఫారం జరిమానాగా రాకూడదు.