జాతర బస్సులు సరే, మిగతా రోజుల బస్సేది?

తాడ్వాయి, ఏటూరునాగారం మండలాల అక్కలకు, అన్నలకు, గ్రామసభల పెద్దలకు, ఆర్టీసీ కార్మిక సోదరులకు:

2024 ఫిబ్రవరిలో మేడారం మహాజాతరకు ఆర్టీసీ దాదాపు 6,000 బస్సులు పెట్టింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, సూపర్‌వైజర్లు కలిపి 14 వేల మందిని డ్యూటీకి దించింది. 55 ఎకరాల్లో తాత్కాలిక బస్‌స్టేషన్ కట్టి, పోవాల్సిన ఊరిని బట్టి 48 క్యూలైన్లు వేసింది. ప్రైవేటు బండ్లను పస్రా–నార్లాపూర్ దారిన మళ్లించి, తాడ్వాయి దారిని ఆర్టీసీకి వదిలారు. శనివారం అమ్మలు వనప్రవేశం చేయడంతో జాతర ముగిసింది. ఆ వెంటే క్యూలైన్లు విప్పారు, బస్సులు ఎక్కడివక్కడికి పోయాయి.

జాతర ఏర్పాట్లను తప్పుపట్టడానికి ఈ కరపత్రం వేయలేదు. అడవి నడుమ నాలుగు రోజులు అంత పెద్ద డిపోను నడపడం చిన్న పని కాదు. చేతనైన సంస్థ కాబట్టే అడుగుతున్నాం.

ఆ చేతనైనతనం వెనుక చాలా చరిత్ర ఉంది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన బస్సుల నంబర్లలోని ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పాత డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1958 జనవరి 11న ఆ సంస్థే ఏపీఎస్ ఆర్టీసీ అయింది. 1999లో ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ బుక్కుకెక్కింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో వరంగల్, హన్మకొండ, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, జనగామ, తొర్రూరు, మహబూబాబాద్‌లలో డిపోలు వెలిశాయి. గోదారి ఒడ్డున ఉన్న మన వైపు మాత్రం ఒక్కటీ రాలేదు. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా అయింది, కలెక్టరేటు వచ్చింది. డిపో మాట అప్పుడూ లేదు. చివరికి 2024 డిసెంబరులో సర్కారు పెద్దపల్లితో పాటు ఏటూరునాగారానికి కొత్త డిపో మంజూరు చేసింది.

డిపో దగ్గర ఉంటే ఏమిటి, దూరం ఉంటే ఏమిటని కొందరు అడుగుతున్నారు. హన్మకొండ నుంచి మేడారానికి దాదాపు నూరు కిలోమీటర్లు. అక్కడ తెల్లవారుజామున తీసిన బస్సు గూడేనికి చేరేసరికి బడిగంట కొట్టేస్తారు. పొద్దున్నే బస్సు కావాలంటే రాత్రే వచ్చి ఊళ్లో ఆగాలి. నైట్ హాల్ట్ అనగానే కార్మికులు ఎందుకు వెనకాడతారో వాళ్లనే అడగండి. పడుకోవడానికి గది, తాగడానికి నీళ్లు, మరుగుదొడ్డి లేని చోట బస్సులోనే దోమల మధ్య తెల్లవార్చి, మళ్లీ స్టీరింగు పట్టాలి. దారిలో బండి ఆగిపోతే మెకానిక్కు రావాలన్నా, బదులు బస్సు రావాలన్నా అంత దూరం నుంచే. ఇలా రెండుమూడు సార్లు ట్రిప్పు రద్దయితే జనం షేర్ ఆటోకు అలవాటు పడతారు. అప్పుడు కిలోమీటరుకు ఆదాయం పడిపోయిందని లెక్క తీస్తారు, రూటు నష్టాల్లో ఉందంటారు. బస్సు సమయానికి రాక జనం ఎక్కడం మానేస్తే, జనం ఎక్కడం లేదు కాబట్టి బస్సు దండగ అనడం ఏం న్యాయం?

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పథకం. కానీ జీరో టికెట్ బస్సెక్కిన వాళ్లకే ఇస్తారు. బస్సు రాని గూడెం ఆడబిడ్డ ఆటోకు డబ్బులిచ్చే పోవాలి. పట్నం ఆడబిడ్డకు దక్కిన హక్కు అడవి ఆడబిడ్డకు దక్కాలంటే ముందు బస్సు రావాలి.

అందుకే ఏటూరునాగారం డిపోకు బస్సులు కేటాయించేటప్పుడు హైదరాబాద్ సర్వీసుల కన్నా ముందు గూడేల షెడ్యూళ్లు రాయాలని అడుగుతున్నాం. మేడారం, ఊరట్టం, కన్నెపల్లి, నార్లాపూర్, బయ్యక్కపేట, కొండాయి వైపు పొద్దున బడి, కాలేజీ వేళకు ఒక ట్రిప్పు, సాయంత్రం తిరిగొచ్చే ట్రిప్పు తప్పకుండా ఉండాలి. ఐటీడీఏ ఆఫీసు, ఆసుపత్రి ఏటూరునాగారంలోనే ఉన్నాయి కాబట్టి ఆ పనివేళలూ చూడాలి. ఇరుకు అడవి దారులకు చిన్న బస్సులు చాలు. ఈ రూట్లను కిలోమీటరు ఆదాయంతో కొలవొద్దు. లోటు వస్తే సర్కారు భరించాలి.

మేడారంలో పక్కా బస్‌స్టేషన్ కూడా కావాలి. జాతర లేని రోజుల్లోనూ బుధ, ఆదివారాల్లో భక్తులు వస్తూనే ఉంటారు, మహాజాతరల మధ్య ఏడాదిలో చిన్న జాతర ఉండనే ఉంది. సిబ్బందికి పడక గది, స్నానాల గది అందులోనే కట్టాలి. 2023 జులైలో జంపన్నవాగు కొండాయిని ముంచిన సంగతి ఎవరూ మరవలేదు. వానాకాలం బస్సు ఎక్కడి దాకా వస్తుందో, వాగు పొంగితే ఎటు మళ్లుతుందో ముందే రాసిపెట్టాలి.

మనది ఏజెన్సీ ప్రాంతం, గ్రామసభ తీర్మానానికి ఇక్కడ విలువుంది. వచ్చే గ్రామసభలో మీ ఊరికి ఏ వేళకు బస్సు కావాలో, ఎంతమంది పిల్లలు చదువుకు పోతున్నారో రాసి తీర్మానం చేయండి. ఒక నకలు హన్మకొండలోని ఆర్టీసీ రీజనల్ మేనేజరుకు, ఒకటి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త డిపో షెడ్యూళ్ల కాగితంలో మీ ఊరి పేరు ఎక్కేదాకా అడగడం ఆపకండి.