డిబ్బీ మీద దుకాణం పేరు

కోస్తా పట్టణమొకదానిలో వస్త్ర వ్యాపారం చేసే ఒక సోదరుడు ఈసారి పండుగకు తమ వద్ద బట్టలు కొనే కుటుంబాల పిల్లలకు డబ్బుల డిబ్బీలు కానుకగా ఇవ్వాలని సంకల్పించారు. వాటిపై దుకాణం పేరు అచ్చు వేయిస్తారట. మూడు వందలు కావాలి. ప్లాస్టిక్, రేకు, మట్టి, కొయ్య వీటిలో దేనితో చేయిస్తే తక్కువ ఖర్చులో పేరు ఎక్కువ కాలం నిలుస్తుందని మమ్మల్ని అడిగారు. మేము ఆ వ్యాపారం ఎరిగినవారం కాము. అయితే పిల్లలున్న ఇళ్లకు ఇటువంటి కానుకలు ఏటా వస్తూనే ఉంటాయి గనుక, పుచ్చుకునేవారి పక్షాన కొంత చెప్పగలం.

కొన్నేళ్ల క్రితం మా ఇంటికీ ఒక డిబ్బీ వచ్చింది. మెత్తని ప్లాస్టిక్ ఏనుగు బొమ్మ, వీపు మీద సందు, అడుగున రబ్బరు బిరడా. ఇచ్చిన దుకాణం పేరు రెండు నెలల్లోనే చెరిగిపోయింది. అదొక లెక్క కాదు. మా పెద్దబ్బాయి తనకు వచ్చిన ఈదీని, తాతగారిచ్చిన చిల్లరను అందులో వేసి, ఎంత వేసినదీ పుస్తకంలో రాసుకునేవాడు. ఒకనాడు లెక్కపెడితే అరవై రూపాయలు తక్కువ వచ్చాయి. చెల్లెలు తీసిందన్నాడు. ఆమె ఏడ్చింది. మేము కూడా ఆ పిల్లను రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగాం; ఈనాటికీ ఆ సంగతి తలచుకుంటే మాకు సిగ్గుగా ఉంటుంది. పండుగకు ఇల్లు సర్దుతూ మంచం జరిపినప్పుడు నాణేలన్నీ గోడ వారగా దొరికాయి. బరువుకు బిరడా వదులై, డిబ్బీని ఎత్తినప్పుడల్లా ఒకటొకటిగా జారిపోయాయన్నమాట. ఆ తరువాత కొద్ది రోజులకే ఆ బిరడా రెండేళ్లు నిండని మా చిన్నవాడి నోట్లో కనిపించింది. సమయానికి చూశాం, అల్హమ్దులిల్లాహ్.

కాబట్టి ఆ సోదరునికి మేము చెప్పే మొదటి మాట: పేరు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది తరువాత చూడవచ్చు, ముందు డబ్బు నిలవాలి. ఆ డబ్బు బరువెంతో చూడండి. పది రూపాయల నాణెం 7.71 గ్రాములు, ఇరవై రూపాయల నాణెం 8.54 గ్రాములు తూగుతాయి. పది రూపాయల నాణేలతో రెండు వేలు కూడబెట్టిన పిల్లవాడి చేతిలో కిలోన్నరకు పైగా బరువు ఉంటుంది. దుకాణంలో ఖాళీగా చూసినప్పుడు గట్టిగా కనిపించిన డిబ్బీకి ఆ బరువుతో బల్ల మీద నుంచి పడినప్పుడే అసలు పరీక్ష. సందు సంగతి కూడా చాలామంది పట్టించుకోరు. పది, ఇరవై రూపాయల నాణేలు రెండూ 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. చిన్న నాణేల కొలతతో చేసిన డిబ్బీలో అవి దూరవు. కొత్త పది రూపాయల నోటు 63 మిల్లీమీటర్ల వెడల్పు. నిలువునా ఒక్క మడత వేస్తే 32కు వస్తుంది. సందు 35 మిల్లీమీటర్లు ఉంటే నాణెం, నోటు రెండూ పోతాయి.

ఇక పదార్థం. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. వస్తువు అడుగున త్రికోణంలో ఉండే అంకె చాలావరకు సంగతి చెబుతుంది. 3 అంటే పీవీసీ. మా ఏనుగు ఆ జాతిదే. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతుంటారు. పిల్లలు నోట పెట్టుకునే వస్తువుల్లో అవి ఉండరాదని అనేక దేశాలు ఆంక్షలు పెట్టాయి. 6 అంటే పాలీస్టైరీన్. గాజులా తళతళలాడుతూ లోపలి నాణేలు కనిపిస్తాయి గనుక పిల్లలకు ముచ్చటగా ఉంటుంది. కింద పడితే మాత్రం పగిలి, అంచులు కోసుకుంటాయి. 5 అంటే పాలీప్రొపిలీన్. పగలదు, చవక, వాసన ఉండదు. కానీ దాని పైతలం మైనంలా ఉండి సిరాను పట్టనివ్వదు. అచ్చుకు ముందు మంటతోనో, విద్యుత్తుతోనో ఆ తలాన్ని సిద్ధం చేయాలి. అది చేయకుండా పేరు వేస్తే చెమట చేతులకే చెరిగిపోతుంది. ఏబీఎస్ అన్నది వీటన్నిటికన్నా గట్టిది, అచ్చూ బాగా పడుతుంది, ఖరీదూ ఎక్కువే. పిల్లలు పేర్చుకునే లెగో ఇటుకలు దానితో చేసినవే. మూడు వందల డిబ్బీల కోసం కొత్త మూస చేయించడం తలకు మించిన ఖర్చు. బేగంబజార్ వంటి టోకు బజార్లలో సిద్ధంగా దొరికే వాటి మీద పేరు వేయించుకోవడమే దారి. అప్పుడు అది ఏ ప్లాస్టికో అడగవలసిందే. అమ్మేవాడు చెప్పలేకపోతే కొనకుండా రావలసిందే.

రేకు డిబ్బీ మీద అచ్చు అందంగా వస్తుంది. రేకును మలచకముందే బొమ్మ వేస్తారు గనుక అది ఊడదు. పూర్వం కొన్ని బ్యాంకులు తాళం వేసిన ఇనుప డబ్బాలను పిల్లలకిచ్చి తాళంచెవిని తమవద్దే ఉంచుకునేవి. అయితే ఆ సోదరునిది సముద్రపు గాలి తగిలే ఊరు, అక్కడ తుప్పు త్వరగా పడుతుంది. సందు అంచును లోపలికి మడవకపోతే వేలు తెగుతుంది. తక్కువ సంఖ్యకు రేకు అచ్చు గిట్టుబాటు కూడా కాదు. పింగాణీ చూడముచ్చటైనదే, బట్టల సంచీలో వేసి ఇంటికి పంపదగినది కాదు. అట్ట గొట్టాలు ఒక నెల దానధర్మాల కోసం డబ్బు కూడబెట్టడానికి చాలు, ఏడాదికి చాలవు.

ఏటికొప్పాక కొయ్య డిబ్బీలను మేము వాడి చూశాం. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంటుంది, పడినా పగలదు. ధర మాత్రం ప్లాస్టిక్‌కు ఎన్నో రెట్లు. రంగు ఏదైనా సరే, అడిగి తెలుసుకోవాలి. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అలాగే 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. డిబ్బీ ఆటవస్తువు కాదని వ్యాపారి వాదించవచ్చు. ఏనుగు ఆకారంలో ఉన్నదాన్ని ఇచ్చి, ఆడుకోవద్దంటే ఏ పిల్లవాడు వింటాడు?

ఆకారం మాట వచ్చింది గనుక ఒక సంగతి. ఇలాంటి డిబ్బీలను పంది రూపంలో చేసే అలవాటు పాశ్చాత్యులదేనని అనుకుంటాం. జావా ద్వీపంలో మజాపహిత్ రాజ్యకాలపు మట్టి డిబ్బీలు అడవిపంది రూపంలో దొరికాయి. నేడు ముస్లింలే అత్యధికులైన ఇండోనేషియాలో డిబ్బీని ఇప్పటికీ చెలెంగన్ అనే అంటారు; అడవిపందిని సూచించే చెలెంగ్ నుంచి ఆ మాట పుట్టింది. మాట మిగిలింది, ఆకారం మారింది. మన ఇళ్లకు ఇచ్చే కానుకకు గుండ్రని కుండ ఆకారం ఉండగా వేరే వెతుకులాట ఎందుకు?

ఆ కుండే మా మనసుకు నచ్చినది. తెలంగాణలో గల్లగురిగి అంటారు, కొన్ని ఊళ్లలో ముంత అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో గుల్లక్. కాల్చిన మట్టి, పూత లేదు, బిరడా లేదు, జారిపోయే దారి లేదు. డబ్బు కావాలంటే పగలగొట్టాల్సిందే. అందుకే పగలగొట్టే రోజును ఇంటిల్లిపాది కలిసి నిర్ణయిస్తారు, అందరి ముందూ లెక్కపెడతారు. మా ఇంట్లో ఇప్పుడున్నవి మూడూ మట్టివే, పిల్లకొకటి. మట్టికీ లోపాలున్నాయి. రవాణాలో పగులుతాయి, వరిగడ్డి పరిచి తేవాలి. పగిలిన పెంకులను పెద్దలే ఏరాలి. అచ్చు యంత్రం దానిపై పనిచేయదు. కానీ కుమ్మరి పచ్చి మట్టి మీద కొయ్య ముద్రతో దుకాణం పేరు నొక్కితే, కుండ ఉన్నంతకాలం ఆ పేరు ఉంటుంది. ఆ సోదరుడు అడిగినదీ అదే కదా.

పక్క ఊరి కుమ్మరి మూడు వందలు చేయలేనంటే పాలీప్రొపిలీన్ తీసుకోమన్నాం. అడుగు మూత మర బిగించేదై ఉండాలని, పేరు చిన్నదిగా ఒక పక్కన వేయించి రెండో పక్కను పిల్లవాడు తన పేరు రాసుకోవడానికి ఖాళీగా వదలమని రాశాం. ఏది ఎంచుకున్నా ముందు ఒక్కటే తెప్పించి, వంద పది రూపాయల నాణేలు నింపి, తలకిందులు చేసి ఊపి, నడుమెత్తు నుంచి నేల మీదకు వదిలి చూడమన్నాం. రంజాన్‌కు ఇంకా మూడు నెలలుంది. నమూనా చేతికి రాగానే ఉత్తరం రాస్తానన్నారు.