సమ్మె వాళ్లది, తప్పు మనది

తపాలా ఉద్యోగులు సమ్మె చేయాలా అని మన వరంగల్ మట్టెవాడలో ఎవరినడిగినా ఒకటే జవాబు: "ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నరు, సమ్మె చేస్తే ఎవరికి నష్టం?" ఈ మాట అంటున్నది మనమే. చదువుకున్నవాళ్లం, పెన్షన్‌దారులం, ఒకప్పుడు సమ్మెలు చేసే జీతాలు పెంచుకున్నవాళ్లం.

2018 మే 22న పల్లె పోస్టాఫీసుల్లో పనిచేసే గ్రామీణ డాక్ సేవకులు దేశమంతటా సమ్మెకు దిగారు. తమ జీతభత్యాలపై 2016 నవంబరులో కమలేశ్ చంద్ర కమిటీ ఇచ్చిన నివేదికను అమలు చేయమన్నదే వాళ్ల కోరిక. నడి ఎండల్లో 16 రోజులు కూర్చున్నారు. అప్పటికి వాళ్ల మూల భత్యం నెలకు 2,295 రూపాయల దగ్గర మొదలయ్యేది. వాళ్లవి సివిల్ పోస్టులేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పినా, రెగ్యులర్ ఉద్యోగుల హోదా నేటికీ రాలేదు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం కనీస భత్యాన్ని 10,000 చేసింది. ఆ ఫైలును కదిలించింది సమ్మే. ఆ 16 రోజుల్లో సమ్మె శిబిరం దాకా వెళ్లినవాళ్లం మనలో ఎందరం?

తపాలాలోకి వస్తున్న కొత్త యంత్రాలకు వాళ్లు అడ్డుపడుతున్నారని తేలిగ్గా నమ్మేశాం. పల్లె పోస్టాఫీసులో పింఛను ఇచ్చే రోజు ఒక్కసారి పోయి చూస్తే తెలిసేది. నాట్లేసి, బీడీలు చుట్టి అరిగిపోయిన అవ్వ వేలిముద్ర మిషన్ మీద పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. సిగ్నల్ కోసం పోస్టుమాస్టరు మిషన్ పట్టుకుని బయటికి నడుస్తాడు. కాగితం మీద ఆయన పని నాలుగైదు గంటలే. బ్యాంకు ఖాతాల టార్గెట్లు, బీమా టార్గెట్లు అదనం.

2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోతుంటే ఆఖరి తంతి కోసం క్యూ కట్టాం. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోతే జ్ఞాపకాలు రాసుకున్నాం. ఆ పని చేసిన మనుషుల గతేమిటని మాత్రం అడగలేదు.

వరంగల్ వాళ్లకైనా ఈ సంగతి తెలిసి ఉండాల్సింది. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు కొత్త యంత్రాలకు నోచుకోక, నష్టాల్లో కూరుకుపోయి 2002లో మూతపడింది. తపాలాలో కొత్త యంత్రాలు వచ్చి కొలువులకు ఎసరు పెడుతున్నాయి. యంత్రం రాకపోయినా, వచ్చినా రోడ్డున పడేది పనిచేసేవాడే. మిల్లు విషయంలో ఊరుకున్నాం, తపాలా విషయంలోనూ ఊరుకుంటున్నాం.

సమ్మెతో పింఛన్లు ఆలస్యమవుతాయి, నిజమే. అవ్వకు ఆ వారం గడవడం కష్టమే. కానీ ఆ పోస్టాఫీసే ఎత్తేస్తే ఆమెకు ప్రతి నెలా కష్టమే. అందుకే వాళ్లు సమ్మె చేయాలనే అంటాను. యంత్రాన్ని ఆపడానికి కాదు, యంత్రం వచ్చాక ఎవరి కొలువూ పోదని ముందే రాయించుకోవడానికి.

ఈసారి పిలుపు వచ్చిన రోజు మట్టెవాడ నుంచి మనం శిబిరానికి వెళ్దాం. వాళ్ల పక్కన కూర్చుందాం, ఎంపీని నిలదీద్దాం. ఆ మాత్రం కూడా చేయకపోతే, రేపు పోస్ట్‌మన్ ఎందుకు రాలేదని అడిగే హక్కు మనకు లేదు.